వచ్చిందా బిడ్డా

పొద్దున్నే దుర్గాబాయి పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి సగం గట్టు మీదకు పోయాయి. ఆమె పొయ్యి ముందే నిలబడి ఉంది గానీ, కళ్ళు ముందు గదిలో కూర్చున్న కూతురి మీద ఉన్నాయి. కూతురు బిందు కళ్ళు తల్లి ఫోను మీద ఉన్నాయి. ఆ ఫోనులో ఒక పేజీ తెరుచుకోకుండా గుండ్రంగా తిరుగుతూ ఉంది. మేడ్చల్‌లో ఆ ఇంటి పరిస్థితి కొన్నాళ్ళుగా ఇదే. ఎవరి పని వాళ్ళు చేస్తున్నట్టే ఉంటారు, ఏ పనీ పూర్తయినట్టు ఉండదు.

“గట్టు తుడువు అమ్మా, చీమలు పడ్తయ్,” అంది బిందు తల ఎత్తకుండానే.

“నీకెట్ల తెలిసిందే? నీ కండ్లు ఫోన్లనే ఉన్నయ్ గద.”

“మాడు వాసనొస్తాంది.”

“ముక్కన్న పనిజేస్తాంది, సంతోషం,” అని దుర్గాబాయి గుడ్డ అందుకుంది.

ఇంత అవస్థా షామీర్‌పేట దాటాక ఉన్న లా యూనివర్సిటీలో ఒక్క సీటు కోసం. దేశం నలుమూలల నుంచీ పిల్లలు ఆ కొద్ది సీట్ల మీదే కళ్ళు పెట్టుకుని పరీక్ష రాస్తారు. బిందు ర్యాంకు ఆ గేటుదాకా వచ్చి బయటే ఆగిపోయింది. మొదటి లిస్టులో పేరు రాలేదు. తర్వాతి లిస్టులోనూ రాలేదు. ఇవాళ వచ్చేది ఆఖరిది. పేరు వస్తే సాయంత్రం ఐదింటిలోగా ఈ సీటు నాకు కావాలని ఫోనులో ఒప్పుకోవాలి, లేదంటే వెనకున్నవాళ్ళకు ఇచ్చేస్తారు. పేరు రాకపోతే అల్వాల్‌లో డిగ్రీ. అందులో తప్పేమీ లేదు. కానీ చిన్నప్పుడు తండ్రి కారులో ఆ గేటు ముందు నుంచి పోయినప్పుడల్లా, నల్లకోటు చేతి మీద వేసుకుని నడిచే అమ్మాయిలను మెడ తిప్పి మరీ చూసిన పిల్ల అది. ఆ మెడ ఇంకా అటే తిరిగి ఉంది.

తండ్రి మొగులయ్య పొద్దుటి షిఫ్టువాళ్ళను తుర్కపల్లిలో దింపి అప్పుడే వచ్చాడు. సొంత కారును అక్కడి మందుల కంపెనీకి పెట్టి ల్యాబు ఉద్యోగులను తిప్పుతాడు. చెప్పులు విడవకముందే అతని కళ్ళు కూతురిని వెతికాయి. నోటితో మాత్రం ఏమీ అడగలేదు. గోడకున్న గడియారం చూశాడు, దగ్గాడు, ఫ్యాను వేగం పెంచాడు, మళ్ళీ తగ్గించాడు.

“రాలేదు బాపు,” అంది బిందు.

“నేనేమన్న అడిగిన్నా?” అన్నాడు మొగులయ్య. “కారుల గా ల్యాబు మేడం అడిగింది. మా కంపెనీ కార్లన్నిట్ల నీ ముచ్చటనే.”

ఇంట్లో తక్కువైనది ఒక్కటే, సుక్కమ్మ గొంతు. సుక్కమ్మ మొగులయ్య తల్లి. కిందటి వారం, చెల్లెలికి తోడుండి మామిడికాయ తొక్కు పెట్టి వస్తానని రావల్కోల్ వెళ్ళింది. ఎండాకాలం ఆమె అలా పోవడం మామూలే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఉన్నన్నాళ్ళూ ఆమెది ఒకటే ప్రశ్న. “వచ్చిందా బిడ్డా?” పళ్ళు తోముకుంటూ అడిగేది, అన్నం కలుపుతూ అడిగేది, బిందు స్నానం చేసి బయటకు రాగానే తలుపు దగ్గరే నిలబడి అడిగేది. లిస్టు అంటే ఏమిటో ఆమెకు సరిగ్గా తెలియదు. బస్సులాగా అది ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుందని మాత్రం గట్టి నమ్మకం.

“అత్తమ్మ లేకపోతే ఇల్లు సప్పగుంది,” అంది దుర్గాబాయి చాయ్ పోస్తూ. “ఈ దినం ఉండాల్సింది.”

బిందు ఆ మాట విననట్టు ఫోనులోకి ఇంకాస్త వంగింది.

ఎండ ముదిరేసరికి పక్క అపార్టుమెంటు పార్వతీదేవి గిన్నె మీద మూత పెట్టుకుని వచ్చింది. వాళ్ళది భీమవరం వైపు. భర్త యజ్ఞనారాయణ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. గిన్నెలో రవ్వలడ్డూలున్నాయి. లిస్టు రాకముందే లడ్డూలు చుట్టేసే ధైర్యం ఆవిడకే ఉంది.

“ఇంకా రాలేదా అమ్మా? మా ఆయన పంచాంగం చూసి మధ్యాహ్నం దాటాకే అన్నారు,” అంది కుర్చీ లాక్కుంటూ.

“సారు పంచాంగంల యూనివర్సిటీ లిస్టు గూడ రాస్తరా మేడం?” అన్నాడు మొగులయ్య.

“వెటకారం చేయకండి. మా అబ్బాయి ట్రాన్స్‌ఫర్ ఆయన చెప్పిన రోజునే వచ్చింది.”

“ఏడికొచ్చింది?”

“రాయ్‌పూర్,” అంది పార్వతీదేవి కాస్త తగ్గి. “ఊరు చెప్పలేదనుకోండి, రోజు మాత్రం చెప్పారు.”

యజ్ఞనారాయణగారి పంచాంగం ఈసారి గెలిచింది. అన్నాలు వడ్డిస్తుండగా పేజీ తెరుచుకుంది. బిందు ఎడమచేత్తో ఫోను పట్టుకుని, అన్నం అంటిన కుడిచేతిని గాల్లోనే ఉంచి పేర్లు కిందికి జరపడం మొదలుపెట్టింది. మొగులయ్య ఆమె వీపు వెనక, దుర్గాబాయి గరిటెతో సహా పక్కన. పార్వతీదేవి కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చినందుకు తనను తాను తిట్టుకుంటూ, అందరి ముఖాలూ చూసి చదువుకునే ప్రయత్నంలో ఉంది.

బిందు వేలు ఆగింది. కాస్త వెనక్కి జరిపింది. మళ్ళీ ముందుకు జరిపింది.

“ఏమైందే?” అంది దుర్గాబాయి.

“అమ్మా, ఉంది.”

“ఏముంది?”

“నా పేరు. నాదే. బాపు పేరు గూడ ఉంది పక్కకు.”

మొగులయ్య వంగి చూశాడు. కూతురి పేరు, దాని పక్కన మొగులయ్య అనే తన పేరు. రేషన్ కార్డులోనూ లైసెన్సులోనూ తప్ప ఎక్కడా అచ్చులో చూసుకోని పేరు అది. అతను గబగబా బయటికి నడిచి, కారు తలుపు తెరిచి, హారన్ మీద అరచెయ్యి ఆనించి అట్లాగే ఉంచాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. దుర్గాబాయి గరిటె పట్టుకున్న చేత్తోనే కూతురిని కౌగిలించుకుంటే పప్పు బిందు వీపంతా అయింది. పార్వతీదేవి లడ్డూ తెచ్చి బిందు నోట్లో పెట్టబోయి, ముందు తన కళ్ళు తుడుచుకుంది.

“ఐదు దాంక టైముంది గని, ముందే ఒప్పుకుంట,” అంది బిందు లడ్డూ నములుతూనే. చెయ్యి కడుక్కుని వచ్చి, పేజీలో ‘నాకు సమ్మతమే’ అన్నచోట నొక్కింది. వెంటనే ఇంకో గడి తెరుచుకుంది. దరఖాస్తులో ఇచ్చిన ఫోనుకు ఒక నంబరు పంపించాం, అది ఇక్కడ వేయండి అని ఉంది.

“వేయి మరి,” అన్నాడు మొగులయ్య లోపలికి వస్తూ. ముఖం నిండా నవ్వే.

బిందు నవ్వు ఆగిపోయింది. “బాపు, గా ఫోను అవ్వది.”

దరఖాస్తు నింపినప్పుడు బిందుకు ఫోనే లేదు. చదువు చెడుతుందని తనే వద్దంది. తండ్రి ఫోను రోజంతా రోడ్ల మీద తిరుగుతుంది, తల్లి ఫోనేమో అప్పట్లో నెలకోసారి చెడిపోయేది. ఎప్పుడూ ఇంట్లో, తలుపు పక్క మేకుకు వేలాడే గుడ్డసంచిలో ఉండేది అవ్వ బటన్ల ఫోనొక్కటే. అందుకని ఆ నంబరు ఇచ్చింది. అవ్వ ఇంట్లో లేని రోజు ఒకటి వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

“గింతేనా? ఫోన్ జేస్తె చదువుతది. మా అమ్మకు అంకెలు మంచిగొస్తయ్,” అని మొగులయ్య ఫోను తీసి స్పీకరు పెట్టాడు. నాలుగు మోతలకే సుక్కమ్మ ఎత్తింది.

“అమ్మా, మన బిందుకు సీటొచ్చింది. నీ ఫోనుకు ఒక నంబర్ వచ్చింటది. జర చదువు.”

“ఎవలు?”

“నేనే, మొగులయ్యను.”

“గొంతైతే మా మొగులయ్య లెక్కనే ఉంది,” అంది సుక్కమ్మ మెచ్చుకుంటున్నట్టు. “మంచిగ నేర్చుకున్నవ్ బిడ్డా. ఏ ఊరు మీది?”

పార్వతీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగులయ్య ఫోనును చేతిలో తిప్పి చూశాడు, తప్పు దానిదే అన్నట్టు.

“అమ్మా, నేను నీ కొడుకునే.”

“కొడుకులమనే జెప్పుకుంటరట. మా మనవరాలు అన్ని జెప్పింది. నంబర్ జెప్ప, ఏం జెప్ప. ముఖం జూస్తెనే జెప్త.”

ఇది పూర్తిగా బిందు ఘనకార్యమే. చలికాలం చివర్లో వీధి మొదట్లో ఉండే కామేశ్వరమ్మకు ఎవరో అచ్చం ఆమె కొడుకు గొంతుతో ఫోను చేసి, ఫోనుకొచ్చిన నంబరు చెప్పించుకుని బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చేశారు. ఆ సాయంత్రమే బిందు అవ్వను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఇప్పుడు గొంతులు కూడా తయారు చేస్తున్నారు, మన నంబరు నుంచి వచ్చినట్టే చూపిస్తున్నారు, బాపు గొంతైనా, నా గొంతైనా నమ్మకు, తొందర పెడతారు, భయపెడతారు, ముఖం చూస్తేనే చెప్పు అని నూరిపోసింది. సుక్కమ్మ తప్పు లేకుండా అప్పజెప్పేదాకా వదలలేదు. అవ్వ ఎంత బాగా నేర్చుకుందో అని ఆ రోజు బిందు తల్లితో గొప్పగా చెప్పుకుంది కూడా.

“నాకియ్యి బాపు,” అని బిందు ఫోను తీసుకుంది. “అవ్వా, నేను బిందును.”

అవతల ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారిన చప్పుడైంది.

“గొంతైతే గదే,” అంది సుక్కమ్మ మెల్లగా.

“నేనే అవ్వా. ఐదింటి లోపల నంబర్ ఎయ్యకపోతే సీటు పోతది. జల్దీ చెప్పు.”

“గిట్లనే జల్దీ జల్దీ అని పరేషాన్ జేస్తరట. గది గూడ మా బిందే చెప్పింది.”

“అయ్యో అవ్వా. సరే, నన్ను ఏదన్న అడుగు. నేనో కాదో నీకే తెలుస్తది.”

సుక్కమ్మ ఆలోచించింది. ఆ వెనక ఎవరో మామిడికాయలు కొడుతున్న చప్పుడు వినబడుతోంది. ఇంట్లో అందరూ ఫోను చుట్టూ తలలు దగ్గర పెట్టారు. పరీక్షలన్నీ రాసి గెలిచిన పిల్లకు ఇదొక లెక్కా అన్నట్టు మొగులయ్య కూతురి భుజం తట్టాడు.

“అడుగుత,” అంది సుక్కమ్మ. “మా ఇంట్ల ఇంకెవ్వలకు ఎరుకలేదు, నాకు మా బిందుకే ఎరుక. నేను రావల్కోల్‌కు ఎందుకొచ్చిన?”

“ఇదేం ప్రశ్న,” అని గుసగుసలాడింది దుర్గాబాయి. “చెప్పెయ్యవే, తొక్కు పెట్టనీకి అని.”

బిందు చూపు తల్లి మీది నుంచి తండ్రి మీదికి పోయి, అక్కణ్ణుంచి గడపదాకా వెళ్ళింది. నోట్లో లడ్డూ తీపి ఇంకా ఉంది గానీ అది ఎవరి నోరో అనిపించింది. జవాబు తెలియక కాదు. అందరి ముందూ చెప్పలేక.

“చిన్నవ్వకు తోడు,” అంది చివరికి. “తొక్కు పెట్టనీకి పోయినవ్.”

అవతల మామిడికాయ కత్తి చప్పుడు కూడా ఆగింది.

“గది ఊరందరికి ఎరుకే,” అంది సుక్కమ్మ. “నువ్వు మా బిందువి గావు. మా బిందు కోపం జేస్తది గని అబద్ధం జెప్పది. పెట్టెయ్.”

ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. అది కూడా బిందు నేర్పిన పాఠమే. అనుమానం వస్తే ఎర్ర బటను గట్టిగా నొక్కి పట్టుకోమని చెప్పింది.

“అత్తమ్మ ఎందుకు పోయిందే?” అంది దుర్గాబాయి. ఆ గొంతులో ఇందాకటి సంబరం లేదు.

బిందు తల వంచుకుంది. పార్వతీదేవి లేచి నిలబడి, వెళ్ళాలో ఉండాలో తెలియక గిన్నె మూత సరిచేసింది.

“నేనే పొమ్మన్న అమ్మా.”

“ఏంది?”

ముందటి లిస్టు వచ్చిన రోజు సంగతి అది. ఆ పొద్దున సుక్కమ్మ పాలవాడికీ, కూరగాయల బండికీ, గుమ్మాల్లో కూర్చున్న వాళ్ళందరికీ మా పిల్లకు ఇవాళ సీటు వస్తుందని చెప్పి పెట్టింది. పేరు రాలేదు. సాయంత్రానికల్లా వీధిలో ప్రతివాళ్ళూ బిందును ఆపి జాలిపడ్డారు. స్నానాలగదిలో నీళ్ళు వదిలి ఏడ్చి, ముఖం కడుక్కుని బయటకు వస్తే, తలుపు దగ్గర అవ్వ నిలబడి ఉంది. పేరు రాలేదన్న సంగతి ఆమెకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. “వచ్చిందా బిడ్డా?” అంది ఆశగా. అప్పుడు బిందు నోటికి ఏది వస్తే అది అంది. నువ్వు కండ్ల ముంగట ఉంటే నాకు సీటు రాదు, నీ అడుగుడు ఇంటే నాకు పానం పోతాంది, ఇగ నన్ను అడగకు, రిజల్ట్ వచ్చేదాంక ఏడికన్న పో అంది. సరే బిడ్డా, పోత అంది సుక్కమ్మ. తెల్లారి సంచి సర్దుకుంది.

అంతా విని మొగులయ్య కుర్చీలో కూలబడ్డాడు.

“మా అమ్మను ఇంట్లకెంచి ఎల్లగొట్టినవా?” అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. “నేను షిఫ్టు నుంచి రాంగనే నన్ను కూసోబెట్టి, చెల్లె యాదికొస్తాంది కొడుకా అన్నది. నేను నవ్విన. బస్సుకు తోలి టాటా గూడ చెప్పిన.”

“ముసలామెకు అడిగేటందుకు ఇంకేమున్నదే?” అంది దుర్గాబాయి. “నీ సదువు ముచ్చట ఒక్కటే గద ఆమె బతుకు. నిన్ను వకీలమ్మా అని పిలిచింది మొదలు ఆమెనే. మేం గూడ అడగలేదా నిన్ను?”

“అడగలేదు,” అంది బిందు. కన్నీళ్ళు కారుతున్నా గొంతు లేచింది. “మీరెవ్వరు అడగలేదు. బాపు గడియారం జూసి అడుగుతడు, నువ్వు పాలు పొంగిచ్చి అడుగుతవు. కండ్లతోని అడిగెటోళ్ళకు నేనేం చెప్పాలె? అవ్వ ఒక్కతే నోరు దెర్శి అడిగింది. అందుకే నా కోపమంత ఆమె మీదనే పోయింది. తప్పు జేసిన. నాకెరుకే. దినాం పొద్దుగాల గా మేకును జూస్తనే ఉన్న.”

తలుపు పక్క మేకుకు సంచి లేదు. అందరూ ఒకసారి అటు చూశారు.

మొగులయ్య లేచి తాళంచెవులు తీసుకున్నాడు. తోటి డ్రైవరు రమేష్‌కు ఫోను చేసి, మధ్యాహ్నం షిఫ్టు నువ్వు చూసుకో అని మాత్రం చెప్పాడు. “కారెక్కుండ్రి,” అన్నాడు ఇద్దరినీ చూడకుండానే.

“గిన్నె తీసుకెళ్ళండి, పెద్దావిడకి,” అని పార్వతీదేవి లడ్డూల గిన్నెను కారు కిటికీలోంచి దుర్గాబాయి ఒళ్ళో పెట్టింది. “అమ్మాయిని ఇంక ఏమీ అనకండి. ఆ రోజు దాన్ని ఆపి జాలిపడినవాళ్ళలో నేనూ ఉన్నాను.”

హైవే మీద లారీలు వరసగా ఉన్నాయి. ఎండ కారు పైకప్పు మీద కూర్చున్నట్టుంది. దుర్గాబాయి గిన్నెను రెండు చేతులా పట్టుకుని, ముందున్న ప్రతి లారీనీ పేరు పెట్టి తిట్టింది. బిందు ఒళ్ళో ఫోను ఉంది, అందులో గడియారం నడుస్తోంది. హైవే దాటి ఊరి దారి పట్టాక గేదెల మంద ఒకటి అడ్డం వచ్చి, వాటికి ఏ లిస్టుతోనూ పనిలేదన్నట్టు నిదానంగా నడిచింది. మొగులయ్య హారన్ మీద చెయ్యి వేశాడు గానీ కొట్టలేదు. ఇందాక ఇంటి ముందు కొట్టిన హారన్ గుర్తొచ్చి ఉంటుంది.

“బాపు,” అంది బిందు వెనక సీటులోంచి. “ఐదు దాటినా సరే. అవ్వను మాత్రం ఇంటికి తీస్కపోదాం.”

మొగులయ్య అద్దంలో కూతురిని చూశాడు. “ఐదెందుకు దాటుతది? నా బండి మీద నీకు నమ్మకం లేదా?” అన్నాడు. ఆ మాటతో కారులో అందరికీ ఊపిరి ఆడింది.

రావల్కోల్‌లో చిన్నవ్వ ఇంటి ముందు రేకుల పందిరి కింద తెల్లబట్ట మీద మామిడి ముక్కలు ఆరబోసి ఉన్నాయి. పెద్ద తాంబాళంలో కారం, ఉప్పు, నూనె. సుక్కమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని మోచేతులదాకా ఎర్రటి కారంతో కలుపుతోంది. కారు చప్పుడుకు తలెత్తి, ముందు కొడుకును, తర్వాత కోడలిని, చివరికి మనవరాలిని చూసింది. బిందు ముఖం మీద ఆమె చూపు చాలాసేపు ఆగింది.

“ముఖం జూసిన,” అంది సుక్కమ్మ. “ఇప్పుడు నువ్వు బిందువే. నా చేతులకు కారముంది, నడుముకు చెక్కిన సంచిల ఫోనుంది, తీస్కో. జల్దీ అంటున్నరు గద.”

బిందు సంచి జోలికి పోలేదు. చెప్పులు విడిచి వచ్చి, తాంబాళానికి ఇవతల ఆమెకు ఎదురుగా కూర్చుంది.

“ముంగట నీ సవాలుకు జవాబు చెప్పనియ్యి అవ్వా. నువ్వు తొక్కు పెట్టనీకి రాలే. నేను పొమ్మంటె వచ్చినవ్. నువ్వు ఉంటె సీటు రాదన్న. నీ గొంతు ఇనబుద్ధి గాదన్న.”

“ఓ పిల్లా, మెల్లగ,” అని సుక్కమ్మ కంగారుగా కొడుకు వైపు చూసింది. “మీ బాపు ఇంటడు. గీ ముచ్చట ఎవ్వలకు చెప్పలే నేను. ఫోన్ల నువ్వొక్కదానివే ఉన్నవనుకున్న. అందరు ఇంటున్నరని నాకేమెరుక? తెలిస్తె గది అడుగుదునా?”

“అమ్మా, మేం ఇన్నం,” అన్నాడు మొగులయ్య. తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఆమె నుదుటి మీదికి జారిన వెంట్రుకలను వెనక్కి సర్దాడు. “నాకు చెప్తె ఏమైతుండె?”

“నువ్వు బిడ్డను తిడుతుంటివి. అది అసలే ఎదురుచూసి ఎదురుచూసి ఎండిపోయింది. పిల్ల అన్న రెండు మాటలు ఇన్న, అంతే. పొమ్మన్నది, వచ్చిన. నంబర్ చెప్పకన్నది, చెప్పలే. ఒక్క మాట గూడ తప్పలే బిడ్డా.”

బిందు తాంబాళం పక్క నుంచి అవ్వ దగ్గరికి జరిగింది. ముందుకు వంగి అవ్వ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. సుక్కమ్మ కారం చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని, మోచేతితో ఆమె వీపు నిమురుతూ, “నూనె అయితదే, నీ మంచి డ్రెస్సు,” అని గొణిగింది. ఆ డ్రెస్సుకు అప్పటికే వెనకంతా పప్పు ఉందని దుర్గాబాయి చెప్పలేదు.

“ఏడ్సుడు తర్వాత,” అంది చిన్నవ్వ లోపలి నుంచి వస్తూ. “పనైతె చూస్కోండ్రి. ఈమె నన్ను నిద్ర పోనిస్తలేదు. పొద్దుగాల లేవంగనే వచ్చిందో ఏమో చెల్లే అంటది, పండుకునేటప్పుడు రాలేదో ఏమో చెల్లే అంటది. దీని సీటు కోసం నేను దినాం సచ్చి బతుకుతున్న.”

అందరూ నవ్వారు. బిందు ముక్కు తుడుచుకుని సంచిలోంచి ఫోను తీసి ఆన్ చేసింది. తల్లి ఫోనులో మళ్ళీ ‘నాకు సమ్మతమే’ నొక్కింది. అవ్వ ఫోను చిన్నగా మోగింది. చదవబోతుంటే సుక్కమ్మ తల అడ్డంగా ఊపింది.

“నా ఫోనుకొచ్చింది, నేనే చదువుత. కండ్ల ముంగట పట్టు.”

బిందు ఆమె కళ్ళకు కాస్త దూరంగా పట్టుకుంది. సుక్కమ్మ ఒక్కొక్క అంకెనూ పెదాలతో ముందు చూసుకుని, ఆ తర్వాతే పైకి అంది. ఒకటి అన్నాక ఆగి, బిందు దాన్ని వేసిందో లేదో చూసి ఇంకోటి అంది. దుర్గాబాయి గిన్నె మూత మీద వేళ్ళు బిగించింది. చివరి అంకె పడింది. పేజీ మీద ఆ గుండ్రం తిరిగింది, తిరిగింది, ఆకుపచ్చ రంగు పరుచుకుంది. మీ సీటు ఖరారైంది అని కనబడింది.

మొగులయ్య ఈసారి హారన్ దాకా పోలేదు. అక్కడే లేచి రెండు చేతులూ పైకెత్తి ఈల వేశాడు. పెళ్ళినాటి నుంచీ ఇన్నేళ్ళలో అతను ఈల వేయడం దుర్గాబాయి వినలేదు. చిన్నవ్వ తన నోట్లో ఒక లడ్డూ, అక్క నోట్లో ఒక లడ్డూ పెట్టి, అటూ ఇటూ ఇళ్ళవాళ్ళను కేకేసింది. ఊళ్ళో వాళ్ళు పందిరి కిందికి వస్తూనే ఉన్నారు.

ఆ సందడిలో సుక్కమ్మ మళ్ళీ తాంబాళంలో చేతులు పెట్టి తొక్కు కలపడం మొదలుపెట్టింది. ముఖంలో వెలుగు దాగడం లేదు. కళ్ళు మాటిమాటికీ మనవరాలి మీదికి పోతున్నాయి. పెదవులు కదలబోయి ఆగుతున్నాయి. అయినా ఏమీ అడగదు. తాము కారు దిగినప్పటి నుంచీ, ఫోను ఇచ్చినప్పుడూ, అంకెలు చదివినప్పుడూ కూడా ఆమె ఆ ఒక్కమాట అడగలేదని బిందుకు అప్పుడు తట్టింది.

“అడుగవా అవ్వా?” అంది దగ్గరగా జరిగి.

“ఏం అడగాలె?”

“దినాం అడిగేదే.”

“అడగొద్దంటివి గద బిడ్డా,” అంది సుక్కమ్మ తాంబాళంలోకి చూస్తూ.

బిందు ఆమె ముఖంలోకి వంగి చూసింది. “అడుగు అవ్వా. నువ్వు అడగకపోతె నాకు సీటొచ్చినట్టే లేదు.”

సుక్కమ్మ చేతులు ఆగాయి. ఒకసారి కొడుకును చూసింది, కోడలిని చూసింది. మోచేతితో ముఖం మీది చెమట తుడుచుకుంది, చెమటతోపాటు ఇంకేదో కూడా. కొంగు సర్దుకోవడానికి చేతులు పనికిరావు కాబట్టి గొంతు సర్దుకుంది. ఆ తర్వాత స్నానాలగది తలుపు దగ్గర నిలబడినప్పటి ఆశతోనే అడిగింది.

“వచ్చిందా బిడ్డా?”

“వచ్చింది అవ్వా,” అంది బిందు.